బ్యాన్ మీద రాసే అర్జీ

బిడ్డా,

నీ ఆట అకౌంటు ఆపేసిండ్రని మీ అమ్మ చెప్పింది. హాస్టల్లో సరిగ్గ తింటలేవని, ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తున్నవని బాధపడ్డది. మీ నాయనేమో పోతే పోయింది, పీడ వదిలిందన్నడట. నేను ఆ మాట అనను. పదో తరగతిలో మొదలుపెట్టిన అకౌంటు అది. హాలియాలో నీతో బడికి పోయిన పిల్లల్లో ఒకడు మిర్యాలగూడలో, ఒకడు సూర్యాపేటలో, ఇంకొకడు హైదరాబాద్‌లో చదువుకుంటుంటే, కోదాడ హాస్టల్ నుంచి నువ్వు వాళ్లను రోజూ కలిసే జాగ అదొక్కటే. దసరాకు తాత ఇచ్చిన పైసలతో కొనుక్కున్న స్కిన్లు అందులోనే ఉన్నయి. అదంతా ఒక్క పొద్దున నాలుగు ఇంగ్లీషు లైన్లు చూపెట్టి మూసేస్తే బాధ కాకుండ ఎట్లుంటది?

నేను సర్కారు ఆఫీసుల్లో కొలువు చేసినన్ని రోజులు నా టేబుల్ ముందు నిలబడ్డది ఇట్లాంటి బాధతో వచ్చినోళ్లే. రికార్డులో పేరు పోయిందని, పట్టా ఆగిందని, పింఛను నిలిచిందని, ఎందుకో తెల్వదని కాయితం పట్టుకొని వచ్చేటోళ్లు. వాళ్ల అర్జీలు తీసుకొని, నంబరు వేసి లోపలికి పంపుడు నా పని. ఏ అర్జీ కదిలింది, ఏది ఫైళ్ల అడుగున పడిపోయింది, ఎందుకు పడిపోయింది, నా కండ్లతో చూసిన. నీ ఆట సంగతి మీ అక్కను అడిగి తెలుసుకున్న. అర్జీ సంగతి మాత్రం నా మాట విను.

అన్నిటికంటే ముందు, ఇయ్యాల రాత్రి నువ్వు చెయ్యకూడనివి చెప్త. అకౌంటు పోయిందని నువ్వు ఎక్కడన్న ఒక్క మాట రాసినవంటే టెలిగ్రామ్‌లోనో ఇన్‌స్టాలోనో ఒకడు పలకరిస్తడు. కంపెనీలో నాకు తెలిసిన మనిషి ఉన్నడు, కొంత పంపు, మిగిలింది పనయినంక ఇయ్యి, ఐడీ పాస్‌వర్డు చెప్పు, ఓటీపీ వస్తది అది చెప్పు అంటడు. అన్‌బ్యాన్ అయినట్టు ఫొటోలు కూడ చూపెడతడు. బిడ్డా, నిన్ను ఆపిన నిర్ణయం కంపెనీ సర్వర్లో ఉంటది. బయటి మనిషి దాన్ని తియ్యలేడు. వాడు తీసేది నీ పైసలు, ఆ తర్వాత ఆటకు కలిపిన నీ గూగుల్ ఖాతా. ఆ ఖాతాలో నీ ఫొటోలు, నీ కాలేజీ మెయిళ్లు, మీ అమ్మ పంపిన ఆధార్ నకలు, అన్నీ ఉన్నయి. ఒకవేళ ఇప్పటికే ఎవరికన్న పైసలు పంపి ఉంటే, తిడతరని భయపడి దాచకు. వెంటనే 1930కి ఫోన్ చెయ్యి. సైబర్ మోసాల కోసం సర్కారు పెట్టిన నంబరు అది. ఎంత జల్ది చేస్తే, పైసలు ఆ ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పోకముందే బ్యాంకు ఆపే వీలు అంత ఎక్కువ. మీ నాయనకు నేను చెప్త, ఆ సంగతి నాకు విడిచిపెట్టు.

కొత్త ఐడీ చేసుకొని చప్పుడు లేకుండ ఆడుకుందామని కూడ అనిపిస్తది. వద్దు. కంపెనీలు ఇప్పుడు ఐడీతో ఆగుతలేవు. బీజీఎంఐ నడిపే క్రాఫ్టన్ అయితే 2021 ఆగస్టులోనే చెప్పింది, మోసపు ప్రోగ్రాం దొరికిన ఫోన్‌నే శాశ్వతంగ బ్యాన్ చేస్తమని. వేరే కంపెనీలకు కూడ ఇట్లాంటి పద్ధతులు ఉన్నయి. ఒక దిక్కు నాకు న్యాయం చెయ్యండని అర్జీ పెట్టి, ఇంకో దిక్కు దొంగదారిన లోపలికి పోతే, ఆ అర్జీ చదివే మనిషి నిన్ను ఎందుకు నమ్మాలె? అట్లనే ఒక్క రాత్రిలో పది టికెట్లు పెట్టుడు, వాళ్ల యూట్యూబ్ వీడియోల కింద బూతులు రాసుడు కూడ వద్దు. కోపం ఉంటది, నాకు ఎరుకే. ఆ కోపం పోయినంక కూడ నీ పేరు మీద ఆ మాటలు అక్కడే ఉంటయి.

ఇంకొక గడిబిడ తియ్యాలె. మీ నాయన నీ ఆటను రమ్మీ యాప్‌లతో కలిపి మాట్లాడుతున్నడు. పైసలు పెట్టి ఆడే ఆటలను తెలంగాణ సర్కారు 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటా పైసల ఆటలను ఆపేసి, ఈస్పోర్ట్స్‌ను, ఊరికే ఆడుకునే ఆటలను మాత్రం వేరుగ గుర్తించింది. నువ్వు పందెం కాయలేదు. అందుకని ఇంట్లో నేరం చేసినోని లెక్క తల వంచుకొని తిరగకు. ఈ మాట మీ నాయనతో నేను కూడ అన్న.

అట్లనే, సర్కారు ఆట మొత్తాన్ని ఆపుడు వేరు, కంపెనీ నీ ఒక్కని అకౌంటు ఆపుడు వేరు. 2020 సెప్టెంబర్ 2న కేంద్రం ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద 118 యాప్‌లను నిషేధించినప్పుడు అందులో పబ్జీ మొబైల్ పోయింది. అప్పుడు నువ్వు చిన్నోడివి, మీ అన్నలు ఇంట్లో కూసొని ఏడ్చిండ్రు. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ పోయింది. అదే ఏడు జులైలో బీజీఎంఐ ప్లే స్టోర్ నుంచి మాయమై మళ్లీ 2023 మేలో వచ్చింది. వాటిలో ఏ పిల్లవాని తప్పూ లేదు, ఏ పిల్లవాడూ అర్జీ పెట్టుకునే అవకాశం కూడ లేకుండె. నీది అట్ల కాదు. నీ ఒక్కని మీద ఒక నిర్ణయం జరిగింది. దానికి ఒక తేదీ ఉన్నది, ఒక కారణం రాసి ఉన్నది, రాసినోళ్లకు ఒక చిరునామా ఉన్నది. అందుకే నువ్వు అడగొచ్చు.

ఇగ అసలు మాట. మీ అమ్మతో నేనేం చెయ్యలేదు అని చెప్పినవట. అదే ఫోన్‌లో ఇంకొక మాట కూడ అన్నవట: సెమిస్టర్ పరీక్షలప్పుడు ర్యాంకు పడిపోకుండ ఆడమని హాస్టల్‌లో దోస్తుకు అకౌంటు ఇచ్చిన అని. మీ అమ్మకు ఆ మాట పెద్దగ అనిపించలేదు. నాకు మాత్రం అదే ముఖ్యం అనిపించింది. నీ నోటీసులో అనుమతి లేని బయటి ప్రోగ్రాం వాడినందుకు అని ఉన్నది కదా. ఆ పిల్లగాని ఫోన్‌లో ఏముందో నీకు తెల్వదు. గోడల అవతల మనిషిని చూపెట్టే ప్రోగ్రాం కావచ్చు, గురి దానంతట అదే కుదిరే ప్రోగ్రాం కావచ్చు. లేకుంటే తక్కువ ధర ఫోన్‌లో ఆట ఆగి ఆగి నడుస్తుందని గ్రాఫిక్స్ మార్చే టూల్ ఒకటి పెట్టుకొని ఉండొచ్చు. మీ వయసు పిల్లలు దాన్ని మోసమని అనుకోరు, కానీ కంపెనీ లెక్కలో అది కూడ బయటి ప్రోగ్రామే.

ముందు ఆ పిల్లగాన్ని అడుగు. నలుగురిలో కాదు, కొట్లాటకు పోయినట్టు కాదు. పక్కకు పిలిచి, నీ పేరు ఎక్కడా రాయను, నీ ఫోన్‌లో ఏముండెనో నిజం చెప్పు, నాకు అర్జీలో రాసుకోవడానికి కావాలె అని అడుగు. ఆ పిల్లగాడు కూడ భయంతోనే ఉంటడు. దోస్తును పోగొట్టుకొని అకౌంటు తెచ్చుకునుడు నాకు ఇష్టం లేదు. ఆ పిల్లగాని పేరు, నంబరు, ఐడీ ఆ పిల్లగాడు ఒప్పుకోకుండ ఎవరికీ ఇయ్యకు. నా అకౌంటును ఇంకొకరు ఈ తేదీల్లో వాడిండ్రు అని రాస్తే చాలు.

అవును, ఆ సంగతి అర్జీలో రాయాలంటున్న. దాచిపెట్టి, నేను ఏ తప్పు ఎరుగను అని రాద్దామని నీకు అనిపిస్తది. అకౌంటు ఇంకొకరికి ఇచ్చుడు కూడ నిబంధనకు విరుద్ధమే కదా, ఒప్పుకుంటే ఇంకో తప్పు మెడకు చుట్టుకుంటదని భయపడతవు. నేను ఒక మండల ఆఫీసులో చూసిన సంగతి చెప్త. ఒక రైతు తన గెట్టు పక్కోడు జరిపిండని అర్జీ పెట్టిండు. అర్జీ మంచిగ రాయించిండు, చదివితే కండ్లల్ల నీళ్లు వస్తయి. కానీ అన్నదమ్ములు పంచుకున్నప్పుడు పెద్దమనుషుల ముందు రాసుకున్న కాయితం సంగతి అందులో లేదు. ఆ కాయితంలో ఒక మూల ఆయనకు వ్యతిరేకంగ ఉండె. విచారణ రోజు అవతలోళ్లు దాన్ని తీసి ముందల పెట్టిండ్రు. నిజానికి గెట్టు విషయంలో ఆయనే న్యాయంగ ఉండె, ఆ కాయితం ముందే చూపెట్టి ఉన్నా ఆయన దిక్కే తేలేది. దాచిండని తెలిసినంక మాత్రం ఆయన చెప్పిన మిగిలిన మాటలను కూడ ఎవరూ నమ్మలేదు.

నీ విషయంలో ఇది ఇంకా గట్టిగ పనిచేస్తది. నీ అకౌంటు ఏ రోజు ఏ ఫోన్ నుంచి తెరిచిండ్రు, అది ఏ మోడలు, ఏ నెట్‌వర్కు మీద, అట్లాంటివి కంపెనీ సర్వర్లలో నమోదయితయి. నువ్వు దాద్దామనుకునేది వాళ్ల ముందల ఇప్పటికే ఉన్నదన్నట్టు. నేనే ఆడిన, నాకేం తెల్వదు అని నువ్వు రాస్తే, చదివే మనిషి లాగిన్ చిట్టా చూసి వేరే ఫోన్ కనబడంగనే ఆ పేజీ మూసేస్తడు. అదే నువ్వే ముందుగ తేదీలతో సహా చెప్తే, ఆ చిట్టా నీకు సాక్షి అయితది. నీ ఫోన్ నుంచి ఆడిన ఇన్నేండ్ల ఆట ఒక దిక్కు, ఆ కొన్ని రోజులు ఇంకో దిక్కు, తేడా వాళ్లకే కనిపిస్తది.

ఒకవేళ ఆ ప్రోగ్రాం నువ్వే పెట్టుకొని ఉంటే, బిడ్డా, అది కూడ నాకు చెప్పొచ్చు. కోపానికి రాను. అప్పుడు మాత్రం, పెట్టుకోలేదని అర్జీ రాయకు. పెట్టుకున్న, తీసేసిన, శిక్ష తగ్గించే వీలుంటే చూడమని అడుగు. చాలా కంపెనీలు చీటింగ్ విషయంలో తగ్గించవు. స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ తన వ్యాక్ అనే చీటింగ్ పట్టే ప్రోగ్రాం వేసిన బ్యాన్ సరిగ్గ పడ్డదయితే ఎంత బతిమాలినా తియ్యదు, ఆ సంగతి బాజాప్తా రాసిపెట్టుకున్నది. పదిమంది కష్టపడి ఆడే ఆటలో ఒకడు గోడల అవతల చూస్తే ఓడిపోయినోళ్లకు కూడ నీలాంటి బాధే అయితది కదా. వాళ్ల దిక్కు నుంచి కూడ జెర ఆలోచించు.

కానీ ఆ వాల్వే, మిషను తప్పు పట్టిందని తేలినప్పుడు వెనక్కి తీసుకున్నది కూడ. 2010 జులైలో మోడరన్ వార్‌ఫేర్ 2 ఆడే దాదాపు 12,000 మందిని వాళ్ల చీటింగ్ పట్టే ప్రోగ్రాం బ్యాన్ చేసింది. ఆట అప్‌డేట్ అవుతున్న సమయంలో డిస్కు మీద ఉన్న ఫైలుకు, మెమరీలో నడుస్తున్న ఫైలుకు తేడా వచ్చి, దాన్ని మోసమని లెక్కేసింది. కంపెనీ అధిపతి గేబ్ న్యూవెల్ స్వయంగ తప్పు ఒప్పుకొని, అందరి బ్యాన్లు తీసేసి, ఇంకో ఆటను ఊరికే ఇచ్చిండు, ఒకటి వాళ్లకు, ఒకటి వాళ్ల దోస్తుకు. 2023 అక్టోబర్‌లో మళ్లీ అట్లాంటిదే. ఏఎండీ కంపెనీ గ్రాఫిక్స్ డ్రైవర్‌లో ఆట జల్ది స్పందించాలని కొత్త సౌకర్యం పెట్టింది. అది ఆట లోపలి కోడ్‌ను దారి మళ్లించి పనిచేస్తది. కౌంటర్ స్ట్రైక్ 2లో దాన్ని ఆన్ చేసుకున్న పిల్లల మీద బ్యాన్లు పడ్డయి. కంపెనీ ఇచ్చిన డ్రైవర్ వాడుడే వాళ్లు చేసిన పని. ఏఎండీ ఆ డ్రైవర్‌ను వాపసు తీసుకున్నది, వాల్వ్ బ్యాన్లు ఎత్తేసింది. మిషనుకు గుర్తులు కనిపిస్తయి గానీ ఆ గుర్తు ఎట్ల వచ్చిందో కనిపించదు. అది చెప్పవలసింది నువ్వే. అందుకే నీ ఫోన్‌లో ఆ వారం ఏమేం యాప్‌లు ఉన్నయో, ఏది కొత్తగ వేసుకున్నవో, సిస్టమ్ అప్‌డేట్ ఏదన్న అయిందో ఒక కాయితం మీద రాసుకో. ఏదీ తీసెయ్యకు, ముందు రాసుకో.

ఇప్పుడు రాసుడు. సోమవారం ప్రజావాణి నాడు కలెక్టరేట్ల కాడ చూడు, చేతిలో మూడు పేజీల అర్జీలతో నిలబడతరు. మొదటి పేజీ అంతా మేము పేదోళ్లం, మాకు దిక్కు లేదు. రెండో పేజీ పాత పగలు. సర్వే నంబరు మూడో పేజీ చివర ఎక్కడో ఉంటది, కొన్నిట్లో అది కూడ ఉండదు. చదివే మనిషి చెడ్డవాడు కాకపోయినా, ముందల కట్ట ఉంటది, తర్వాత ఇంకో కట్ట ఉంటది. మొదటి రెండు లైన్లలో ఎవరు, ఏ నంబరు, ఏం కావాలె అని ఉన్న అర్జీని నేను పైన పెట్టేదాన్ని. ఆట కంపెనీ సపోర్టు టేబుల్ ముందల కూడ అట్లాంటి మనిషే కూసుంటడు. ఏ దేశంలోనో, రోజుకు వందల టికెట్లు చూసుకుంట. ఆ మనిషికి నీ కన్నీళ్లు చదివే తీరిక ఉండదు. సరిచూసుకునే అంకె ఇస్తే ఆ మనిషి పని చెయ్యగలుగుతడు.

అందుకే ముందు నీ ప్లేయర్ ఐడీ, ఆటలో నీ పేరు, దేనితో లాగిన్ అయితవు, నీ ఫోన్ మోడలు, నోటీసు ఏ తేదీ ఏ టైముకు కనబడ్డది, అందులో అక్షరం పొల్లుపోకుండ ఏం రాసి ఉన్నది, అవన్నీ పెట్టుకో. నోటీసు స్క్రీన్‌షాట్ ఇప్పుడే తీసి పెట్టు, యాప్ అప్‌డేట్ అయితే అది మళ్లీ కనబడకపోవచ్చు. తాత్కాలికమా, శాశ్వతమా, లేక మీ పిల్లలు చెప్పుకునే పదేండ్ల బ్యానా అన్నది కూడ అందులోనే ఉంటది, సరిగ్గ చదువు. స్కిన్లు కొన్న రసీదులు నీ గూగుల్ మెయిల్‌లో ఉంటయి, జీపీఏ అనే అక్షరాలతో మొదలయ్యే ఆర్డర్ నంబరుతో. వాటిని కూడ జత చెయ్యి. పైసలు వాపసు కావాలని కాదు, ఈ అకౌంటు మొదటి నుంచి నీదే అని చూపెట్టడానికి. ఆధార్ మాత్రం వాళ్లు అధికారికంగ అడిగితే తప్ప పెట్టకు. అడిగినా ముందు ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ పంపు. పాస్‌వర్డు, ఓటీపీ ఏ అర్జీలోనూ ఉండకూడదు.

అర్జీ ముందు తెలుగులోనే రాసుకో, ఎందుకంటే నీ మనసులో ఉన్నది నీకు తెలుగులోనే తిన్నగ వస్తది. తర్వాత ఇంగ్లీషు చేసుకోవచ్చు. నేనయితే ఇట్ల రాస్త:

"నా ప్లేయర్ ఐడీ ఇది. ఫలానా తేదీ ఉదయం ఇన్ని గంటలకు లాగిన్ అయినప్పుడు, అనుమతి లేని ప్రోగ్రాం వాడినందుకు అకౌంటును శాశ్వతంగా నిలిపివేసినట్టు నోటీసు కనిపించింది. దాని స్క్రీన్‌షాట్ జత చేశాను. నేను అలాంటి ప్రోగ్రాం ఏదీ నా ఫోన్‌లో పెట్టలేదు. అయితే ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు నా అకౌంటును మరొకరు తమ ఫోన్‌లో వాడారు. అకౌంటు ఇతరులకు ఇవ్వడం మీ నిబంధనలకు విరుద్ధం, అందుకు బాధ్యత నాదే. ఆ రోజుల్లో ఆడిన ఆటను, అంతకు ముందు నా ఫోన్ నుంచి ఆడిన ఆటను వేర్వేరుగా పరిశీలించి, నిలిపివేతను తొలగించమని, లేదా దాని కాలాన్ని తగ్గించమని కోరుతున్నాను."

గంతే. ఇందులో బెదిరింపు లేదు, బతిమాలుడు లేదు. కోర్టుకు పోతా అని మొదటి అర్జీలో రాయకు. మీరు ఎట్ల పట్టుకున్నరో చూపెట్టండి అని కూడ అడగకు. అది చెప్తే మోసం చేసేటోళ్లకు దారి చూపెట్టినట్టు అయితదని ఏ కంపెనీ చెప్పదు, అది న్యాయమే. మళ్లీ చూడండి, ఈ తేదీలు చూడండి అంటే చాలు. ఆటలోనే ఉండే కస్టమర్ సర్వీస్ నుంచి, లేదా వాళ్ల అసలు వెబ్‌సైటులో ఉన్న ఫారం నుంచే పంపు. టికెట్ నంబరు వస్తది. అది మా ఆఫీసు ఇన్‌వర్డ్ నంబరు లాంటిది, దాన్ని పోగొట్టుకుంటే ఎవరినీ ఏమీ అడగలేవు.

జవాబు మొదటిసారి ముద్రపడ్డట్టు వస్తది, చాలావరకు మిషనే పంపుతది: మీ నివేదన చూసినం, నిర్ణయం మారదు అని. అక్కడ కుంగిపోకు. మన దేశంలో 2021 ఐటీ రూల్స్ కింద ఇంటర్నెట్ మధ్యవర్తి కంపెనీలు ఒక గ్రీవెన్స్ ఆఫీసర్‌ను పెట్టి, ఆ పేరు, చిరునామా అందరికీ కనబడేటట్టు ఉంచాలె. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలె, రూల్స్‌లో ఉన్న గడువులోపల తేల్చాలె. నీ ఆట కంపెనీ నిబంధనల పేజీ చివరిదాక చదువు, ఆ ఆఫీసర్ మెయిల్ అక్కడ ఉంటే పాత టికెట్ నంబరు పెట్టి రాయి. అక్కడ కూడ కాకుంటే, 2022 అక్టోబర్‌లో ఆ రూల్స్‌కు సవరణ చేసి కేంద్రం అప్పీలు కమిటీలు పెట్టింది. 2023 జనవరిలో మూడు కమిటీలను ప్రకటించింది. గ్రీవెన్స్ ఆఫీసర్ జవాబు వచ్చిన 30 రోజుల్లోపల ఆన్‌లైన్‌లోనే అప్పీలు పెట్టుకోవచ్చు, ఢిల్లీ పోయే పని లేదు. ఆ కమిటీలు ముఖ్యంగ సోషల్ మీడియా లాంటి వాటి కోసం పుట్టినయి. కంపెనీ తానే ఆ రూల్స్ కింద ఆఫీసర్‌ను పెట్టుకున్నదంటే మాత్రం ఆ మెట్టు ఎక్కే ప్రయత్నం నువ్వు కూడ చెయ్యొచ్చు. గడువు దాటనియ్యకు. నా కొలువులో న్యాయం ఉండి కూడ గడువు దాటి ఓడిపోయినోళ్లను చూస్తే కడుపు తరుక్కుపోయేది.

కొన్న వస్తువుల పైసల విషయంలో వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉన్నది, నల్గొండలో జిల్లా కమిషన్ కూడ ఉన్నది. 5 లక్షల లోపు కేసుకు ఫీజు కూడ లేదు. కానీ నువ్వు టిక్ పెట్టి ఒప్పుకున్న నిబంధనల్లో, ఆటలో కొన్న వస్తువులు వాడుకునే అనుమతి మాత్రమే నీది, సొత్తు కంపెనీదే అని ఉంటది. ఆ కొన్ని వందల రూపాయల కోసం కమిషన్ దాక పొమ్మని నేను చెప్పను. వేలల్లో పెట్టి ఉంటే అప్పుడు కూసొని మాట్లాడుదం.

ఇదంతా నీకు ఇంత వివరంగ ఎందుకు చెప్తున్ననంటే, అప్పీలు చేసుకునే మెట్టు ఉండుడు ఎంత పెద్ద సంగతో నేను చూసిన గనుక. 2020లో కొత్త భూమి హక్కుల చట్టం వచ్చి, ధరణి పోర్టల్ మొదలైనంక, రెవెన్యూ కోర్టులు పోయినయి. రికార్డులో ఒక తప్పు పడితే ఆర్డీఓకు అప్పీలు పెట్టుకునే పాత దారి మూతపడ్డది, సివిల్ కోర్టే గతి. మన దిక్కు ముసలి రైతులు టీఎం 33 అని మాడ్యూల్ నంబర్లు నోటికి నేర్చుకున్నరు. సంతకం పెట్టరాని మనుషులు కూడ మీసేవ కాడ నిలబడి ఆ నంబరు చెప్పేటోళ్లు. 2025 ఏప్రిల్ 14న దాని జాగలో భూభారతి మొదలైనప్పుడు అందులో రెండంచెల అప్పీలు మళ్లీ పెట్టిండ్రు. ఆ వార్త విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం నీకు చెప్పినా అర్థం కాదేమో. ఆఫీసర్ అందరికీ అనుకూలంగ తీర్పు ఇస్తడని కాదు. తప్పు జరిగితే ఇంకొక మనిషి దాన్ని మళ్లీ చూస్తడు, అందుకు. నీకు కూడ ఇప్పుడు ఆ అవకాశం ఉన్నది. దాన్ని కోపంతోనో అబద్ధంతోనో పాడు చేసుకోకు.

అయినా అకౌంటు రాకపోవచ్చు. నిజం చెప్పినంక కూడ రాకపోవచ్చు. అకౌంటు ఎవరి చేతిలో ఉన్నా బాధ్యత సొంతదారుదే అని వాళ్లు అనొచ్చు, అది వాళ్ల నిబంధన. అట్లయితే నీ ముగ్గురు దోస్తులకు నువ్వే ఫోన్ చేసి చెప్పు. వాళ్లు నీ ర్యాంకు కోసం నీతో ఆడలేదు. రోజూ ఆడే టైముకు ఫోన్‌లోనే మాట్లాడుకోండి, వేరే ఆట చూసుకోండి, సంక్రాంతికి హాలియా వస్తరు కదా, ఇక్కడ ఇంట్లో నలుగురికీ సకినాలు చేసి పెడత. నిద్ర పడతలేదు, ఏమీ బాగ అనిపిస్తలేదు అని ఇంకా అట్లనే ఉంటే టెలీ మానస్ అని 14416 నంబరు ఉన్నది, తెలుగులోనే మాట్లాడతరు, పైసలు తీసుకోరు. ఆట గురించి బాధ అని చెప్పడానికి సిగ్గుపడకు. లేకుంటే నాకు చెయ్యి, ఏ యాళ్లకైనా ఎత్తుత.

వస్తే మాత్రం, వచ్చిన రోజే పాస్‌వర్డు మార్చి, రెండంచెల ధ్రువీకరణ పెట్టి, ఆ పిల్లగాని ఫోన్ నుంచి లాగౌట్ చేపియ్యి. ర్యాంకు పడిపోతే పడిపోనియ్యి, పరీక్షలైనంక మళ్లీ తెచ్చుకోవచ్చు.

రాసినంక పంపే ముందు వాట్సాప్‌లో నాకు ఒకసారి పెట్టు. ఇంగ్లీషు మీ అక్క చూస్తది, తేదీలు నేను చూస్త. ప్లేయర్ ఐడీ అంకెలు మాత్రం పక్కన ఒకరిని కూసోబెట్టుకొని పైకి చదివించి, టిక్ పెట్టుకుంట సరిచూడు. ఒక్క అంకె తప్పు పడితే నీ అర్జీ ఎవరిదో వేరే అకౌంటు మీదకు పోతది, నువ్వేమో ఇక్కడ జవాబు కోసం చూసుకుంట కూసుంటవు.

మీ పెద్దమ్మ